చూపుకూ కులం ఉంటుంది

2018 సెప్టెంబరులో ఢిల్లీ నుంచి వచ్చిన ఒక ఛాయాచిత్రం కొద్దిరోజులపాటు దేశాన్ని కదిలించింది. శ్మశానంలో తెల్లటి గుడ్డ కప్పిన మృతదేహం, దాని పక్కన నిలబడి ఏడుస్తున్న బాలుడు. మురుగు కాలువలోకి దిగి చనిపోయిన కార్మికుడి దేహం అది. ఆ బాలుడు నాన్నా అని పిలిచిన మనిషి అతడు. ఒక పత్రికా విలేకరి ద్వారా లోకానికి తెలిసిన ఆ చిత్రం సామాజిక మాధ్యమాల్లో చేతులు మారుతూ పోయింది. ఆ కుటుంబం కోసం విరాళాల పిలుపు వెలువడగానే రోజుల వ్యవధిలో లక్షల రూపాయలు సమకూరాయి. ఇచ్చినవారిలో అత్యధికులు ఆ బాలుణ్ణి ఎన్నడూ చూడనివారే. ఒక్క ఫొటో ఎంత పని చేయగలదో చూడండని చాలామంది మెచ్చుకున్నారు. ఆ మాటలో నిజం ఉంది.

అయితే దానికి కొద్దిరోజుల ముందే, సెప్టెంబరు 9న, అదే నగరంలోని ఒక బహుళ అంతస్తుల నివాస సముదాయంలో మురుగునీటి శుద్ధి ట్యాంకులోకి దిగి ఐదుగురు చనిపోయారు. వార్తలు వచ్చాయి, నిరసనలూ జరిగాయి. కానీ దేశం చేత కంటతడి పెట్టించిన ఛాయాచిత్రం ఏదీ వారి పేరిట మిగలలేదు. ఐదు మరణాల వార్త తెరవలేని తలుపును ఒక బాలుడి కన్నీరు తెరిచింది. ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు ఆ ఫొటోలో లేదు. దాన్ని చూసిన మనలో ఉంది.

తండ్రి, కొడుకు, పాడె. ఈ మూడింటికీ సరిపోలే అనుభవమో భయమో ప్రతి చూపరికీ తన ఇంట్లోనే ఉంటుంది. ఏ కులంవాడైనా ఆ బాలుడిలో తన కొడుకును చూసుకోగలడు. కానీ ఆ మనిషిని చంపిన మురుగు గుంతకు సరిపోలేది ఈ దేశంలో చాలా ఇళ్లలో ఏమీ లేదు. తాతలనాటి నుంచి తమవాళ్లెవరూ ఆ గుంతలోకి దిగనవసరం లేనివారికి అది కేవలం ఒక ప్రమాద స్థలం. అందుకని చూపరి తాను గుర్తుపట్టగలిగినదానికి ఏడ్చాడు, గుర్తుపట్టలేనిదాన్ని దాటిపోయాడు. తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడు కనిపించాడు. తండ్రిని ఆ పనిలోకి దించిన కులం కనిపించలేదు.

ఛాయాచిత్రం మీద మన విశ్వవిద్యాలయాల్లో జరిగే చర్చలో తరచు తప్పిపోయే విషయం ఇదేనని నాకు అనిపిస్తుంది. ఫొటోలో భావం ఎక్కడుందని అడిగితే కాంతిలో, కూర్పులో, పట్టిన క్షణంలో ఉందని చెబుతాం. అవన్నీ అవసరమే. కానీ ఫొటో సగం వాక్యం మాత్రమే. మిగిలిన సగాన్ని చూపరి తన జీవితంలోంచి, తాను విన్న కథల్లోంచి, తన ఇంటి గోడల్లోంచి తెచ్చి పూర్తి చేస్తాడు. కులం అడుగడుగునా జీవితాన్ని విడగొట్టిన సమాజంలో ఆ తెచ్చుకునే సామగ్రి అందరికీ ఒకటి కాదు. కనుక చూపుకూ కులం ఉంటుంది.

ఈ మాటను సిద్ధాంతాల దగ్గర కూడా పరీక్షించి చూడవచ్చు. ఛాయాచిత్రాన్ని గురించి ఆలోచించేవారందరూ ఏదో ఒకనాడు ఫ్రెంచి ఆలోచనాపరుడు రోలాండ్ బార్త్ దగ్గరికి వెళతారు. 1980లో వెలువడిన 'కెమెరా లూసిడా' ఆయన చివరి పుస్తకం. తల్లి మరణం తరువాత ఆమె పాత ఫొటోల్లో ఆమెను వెతుక్కుంటూ రాసిన పుస్తకం అది. ఫొటో మనమీద రెండు విధాలుగా పనిచేస్తుందని ఆయన అంటాడు. చదువు వల్ల, సంస్కృతి వల్ల మనకు కలిగే మర్యాదపూర్వకమైన ఆసక్తి ఒకటి. దానికి స్టూడియం అని పేరు పెట్టాడు. రెండవది, ఏదో చిన్న వివరం ముల్లులా వచ్చి గుచ్చుకోవడం. దానికి పంక్టం అని పేరు. ఆ ముల్లు అందరికీ ఒకే చోట గుచ్చుకోదు. తన తల్లి చిన్ననాటి ఫొటో తనకు సర్వస్వమని రాసి కూడా ఆయన దాన్ని పుస్తకంలో అచ్చువేయలేదు. పాఠకులకు అది మరొక పాత ఫొటోగానే కనిపిస్తుందని ఆయనకు తెలుసు.

ఇంత సున్నితంగా చూడగలిగిన బార్త్ అదే పుస్తకంలో మరొక ఫొటో దగ్గర ఆగుతాడు. అమెరికాలోని హార్లెంలో స్టూడియో నడిపిన నల్లజాతి ఛాయాచిత్రకారుడు జేమ్స్ వాన్ డర్ జీ 1926లో తీసిన కుటుంబ చిత్రం అది. ఒక నల్లజాతి కుటుంబం మంచి బట్టలు కట్టుకుని ఫొటో దిగింది. బార్త్‌కు అందులో తెల్లవారి లక్షణాలను అందుకోవాలనే ప్రయత్నం కనిపించింది. ఆ అమాయకత్వం వల్లనే అది హృదయాన్ని తాకుతోందన్నాడు. తరువాత, తనను గుచ్చుకున్నది అందులోని ఒక స్త్రీ మెడలోని బంగారు గొలుసని తేల్చాడు. పెళ్లి లేకుండా ఒంటరిగా బతికిన తన బంధువు ఒకామె అటువంటి గొలుసే వేసుకునేదట. అయితే పుస్తకంలోనే అచ్చయిన ఆ ఫొటోను పట్టి చూస్తే మెడలో ఉన్నది బంగారు గొలుసు కాదు, ముత్యాల దండ అని తరువాతి పరిశోధకులు గుర్తించారు. బార్త్ తన ఇంటి గొలుసును వాళ్ల మెడలో చూశాడు.

జ్ఞాపకం పొరపడటం మానవ సహజం. దానికి బార్త్‌ను నిందించను. నన్ను ఆలోచింపజేసేది మొదటి మాట. మంచి బట్టలు కట్టుకున్న నల్లజాతి మనిషి ఎవరినో అనుకరిస్తున్నాడని చూపరికి ఎందుకు తోచాలి? తమ స్టూడియో, తమ ఛాయాచిత్రకారుడు, తమకు నచ్చిన బట్టలు. ఎలా కనిపించాలో తాము నిర్ణయించుకునే అవకాశం ఎన్నో తరాల తరువాత ఆ కుటుంబం చేతికి వచ్చింది. ఆ స్వాధీనత లోపలినుంచి చూసేవారికి కనిపిస్తుంది. బయటినుంచి చూసేవారికి అనుకరణ కనిపిస్తుంది.

అమెరికాలో బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చి, దాని నిర్మూలనకు పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్‌కు ఈ సంగతి వాన్ డర్ జీ కంటే ఎంతో ముందే తెలుసు. 19వ శతాబ్దంలో అత్యధికంగా ఫొటోలు దిగిన అమెరికన్‌గా చరిత్రకారులు ఆయనను గుర్తించారు. ఆయన ఫొటోల్లో సాధారణంగా నవ్వు ఉండదు. సంతోషంగా ఇకిలించే బానిస బొమ్మలను తెల్ల సమాజం ముద్రిస్తున్న కాలంలో, కోటు తొడిగి సూటిగా కెమెరాలోకి చూసే నల్లని ముఖం ఒక రాజకీయ ప్రకటన. ఛాయాచిత్రాల మీద ఆయన ప్రత్యేకంగా ఉపన్యాసాలు కూడా ఇచ్చాడు.

ఇక మన గోడల మీదికి వద్దాం. ప్రభుత్వ కార్యాలయాల్లో, పాఠశాలల్లో గాంధీ, అంబేడ్కర్ చిత్రాలు పక్కపక్కనే వేలాడుతుంటాయి. ఒకరు కొల్లాయితో, ఇంకొకరు కోటు, టై, కళ్లద్దాలతో. తరగతిలో ఈ రెండు చిత్రాలనూ చూపించి, ఏ భావం కలుగుతోందో రాయమని నేను విద్యార్థులను అడుగుతుంటాను. గాంధీ చిత్రం దగ్గర త్యాగం, నిరాడంబరత అనే మాటలు దాదాపు అందరి కాగితాల్లోనూ కనిపిస్తాయి. అంబేడ్కర్ చిత్రం దగ్గరికి వచ్చేసరికి కాగితాలు రెండుగా చీలిపోతాయి. మేధావి, న్యాయవాది, పాశ్చాత్య వేషం అని కొందరు రాస్తారు. మరికొందరు అసలు బట్టల సంగతే ఎత్తరు. మా నాయన, మా ఇల్లు, మా అన్న చదువు అని రాస్తారు. ఒక అమ్మాయి ఒకే వాక్యం రాసింది: ఈయన మా ఇంట్లో ఉంటారు.

1921 సెప్టెంబరులో మదురైలో గాంధీ కొల్లాయిని ఎంచుకున్నారు. అది గొప్ప నిర్ణయమే. కానీ లండన్‌లో బారిస్టరు కోటు తొడిగిన మనిషి దాన్ని విడిచిపెట్టగలిగినప్పుడే ఆ విడిచిపెట్టడానికి త్యాగమనే పేరు వస్తుంది. బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చున్న పిల్లవాడికి విడిచిపెట్టడానికి ఏముంది? ఏ బట్ట కట్టాలో, ఏ నగ పెట్టాలో, చెప్పులు తొడగవచ్చో కూడదో ఊరు శాసించిన జనానికి నిండుగా బట్ట కట్టుకోవడమే ధిక్కారం. 1927 డిసెంబరులో మహాడ్‌లో స్త్రీలతో మాట్లాడినప్పుడు అంబేడ్కర్ చీర కట్టే తీరును, కులాన్ని పట్టించే నగలను మార్చుకోమని చెప్పడానికి కారణం ఇదే. ఒంటిమీది గుడ్డే కులానికి చిరునామా అయినచోట కోటు ఒక రాజకీయ ప్రకటన. ఈ చరిత్ర తెలియని కంటికి అది కోటు మాత్రమే.

అంబేడ్కర్ ఫొటోల్లో నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది 1934 ఫిబ్రవరి నాటి కుటుంబ చిత్రం. ముంబైలో ఆయన కట్టుకున్న రాజగృహలో తీసినది. కుమారుడు యశ్వంత్, భార్య రమాబాయి, వదినె లక్ష్మీబాయి, అన్న కొడుకు ముకుందరావు, వారితోపాటు పెంపుడు కుక్క టోబీ. పైపైన చూస్తే స్థిరపడిన ఒక విద్యావంతుడి కుటుంబం. తెలిసి చూస్తే కన్ను రమాబాయిని దాటిపోదు. అయిదుగురు పిల్లల్లో నలుగురిని మట్టికి ఇచ్చిన తల్లి. భర్త విదేశాల్లో చదువుకుంటున్న ఏళ్లను పేదరికంతో నెట్టుకొచ్చిన స్త్రీ. ఆ ఫొటో తరువాత ఆమె ఎంతోకాలం బతకలేదు. 1935 మే 27న కన్నుమూసింది. ఈ వివరాలేవీ ఫొటోలో లేవు. అయినా అవి తెలిసినవారికి ముల్లు అక్కడే గుచ్చుకుంటుంది. తెలుసుకుంటే ఎవరికైనా గుచ్చుకుంటుంది. ఈ రెండో మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

బయటినుంచి చూసే చూపు దానంతటది పుట్టలేదు. ఈ దేశంలో దానికి ఒక చరిత్ర ఉంది. 1857 తిరుగుబాటు తరువాత, తాము పాలిస్తున్న జనం ఎవరో గుర్తుపట్టాలనే ఆతృతలో వలస ప్రభుత్వం కెమెరాను ఆశ్రయించింది. 1868 నుంచి 1875 వరకు ఎనిమిది సంపుటాలుగా 'ద పీపుల్ ఆఫ్ ఇండియా' వెలువడింది. కులాలుగా, తెగలుగా మనుషులను నిలబెట్టి తీసిన చిత్రాలు, వాటి పక్కన ఆ కులం గుణగణాలంటూ రాసిన వ్యాఖ్యలు. మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికి అధిపతిగా పనిచేసిన ఎడ్గార్ థర్స్టన్ ఆ పనిని మన ప్రాంతానికి తెచ్చాడు. కె. రంగాచారి సహకారంతో 1909లో ఆయన ప్రచురించిన ఏడు సంపుటాల 'క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా'లో మాల, మాదిగలు మొదలుకొని తెలుగు నేలమీది కులాలెన్నో ఉన్నాయి. ముక్కు పొడవును, తల చుట్టుకొలతను కొలిచి కులాన్ని లెక్కగట్టాలని చూసిన శాస్త్రం అది.

ఈ రకం ఫొటోలను చూసేటప్పుడు ఒక్క విషయం గమనించాలి. కెమెరా ముందు నిలబడ్డవాడికి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంటుంది. ఫొటో కింద ఆ పేరు ఉండదు, కులం పేరు ఉంటుంది. మనిషి మాయమై మచ్చుతునక మిగులుతుంది. వలస పాలన పోయి ఏడు దశాబ్దాలు దాటినా మన పత్రికల్లో ఈ అలవాటు పూర్తిగా పోలేదు. నాయకుడి ఫొటో కింద పేరు, హోదా, సందర్భం ఉంటాయి. చెత్త ఎత్తుతున్న స్త్రీ ఫొటో కింద 'పారిశుద్ధ్య కార్మికురాలు' అని ఉంటుంది. వడదెబ్బకు తలమీద కొంగు కప్పుకున్న ఉపాధి కూలీకి 'మండుటెండలో కూలీ' అనే శీర్షికే దిక్కు. బాధితుల పేరు చెప్పరాదని చట్టం నిర్దేశించే సందర్భాలు వేరు. ఇక్కడ అడ్డువస్తున్నది చట్టం కాదు, అడగవలసిన అవసరం ఉందని తోచకపోవడం.

పేరులేని ఫొటో ఒక సమస్య అయితే, అసలు ఫొటోయే లేకపోవడం ఇంకొకటి. నేను పుట్టిన మాదిగగూడెంలో మా నాయనమ్మ తరం వారికి ఫొటోలు లేవు. స్టూడియో పట్నంలో ఉండేది. కూలి మానుకుని, ఛార్జీలు పెట్టుకుని, ముఖం చూపించుకోవడానికి ఎవరూ వెళ్లలేదు. మా నాయనమ్మకు ఉన్న ఏకైక ఫొటో ఓటరు గుర్తింపు కార్డు మీదిది. ప్రభుత్వానికి అవసరమై ఆమె ముఖం మొదటిసారి, చివరిసారి కెమెరా ముందుకు వచ్చింది. ఎండకు కళ్లు చిట్లించి, పిలిచినవాడి వైపు అనుమానంగా చూస్తున్న ముఖం. ఆమె పోయాక దానినే పెద్దది చేయించి గోడకు పెట్టాలనుకున్నారు. స్టూడియో అబ్బాయి వెనక నీలం తెర వేసి, భుజాల మీద పట్టుచీర అంచు దిద్ది, మెడలో గొలుసు పెట్టమంటారా అని అడిగాడు. మా నాయన కాసేపు ఆలోచించి పెట్టమన్నాడు.

ఆమె బతికి ఉండగా ఆ మెడలో గొలుసు లేదు. మా ఇంటికి వచ్చిన నా సహోద్యోగి ఒకరు ఆ ఫొటో చూసి, ఇటువంటి దిద్దుబాట్లు చరిత్రను చెరిపేస్తాయని అన్నారు. పరిశోధకుడిగా ఆ మాట నాకు అర్థమవుతుంది. మా నాయన మనసూ అర్థమవుతుంది. జీవితమంతా ఊరు ఆమెకు ఇవ్వని దానిని ఆయన గోడమీద ఇచ్చుకున్నాడు. తెలుగు పల్లెల్లో దళిత, బహుజన ఇళ్ల గోడల మీద ఇటువంటి గొలుసులు, ఇటువంటి అతికించిన కోట్లు ఎన్నో ఉన్నాయి. వాటిని అబద్ధాలని కొట్టిపారేసే కన్ను, వాన్ డర్ జీ ఫొటోలో అనుకరణ చూసిన కన్ను ఒకే బడిలో చదివినవి. ఆ గొలుసు గతానికి సాక్ష్యం కాదు. ఆ కుటుంబం తనకు రావలసిన బాకీని రాసిపెట్టుకున్న పద్దు.

ఫొటో అర్థం చూపరిని బట్టే కాక కాలాన్ని బట్టి కూడా మారుతుంది. 2016 జనవరి మొదట్లో హాస్టల్ గదుల నుంచి వెలి అయిన ఐదుగురు విద్యార్థులు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సామాన్లు మోసుకుని బయటికి నడిచారు. అంబేడ్కర్ చిత్రపటాన్ని చేతుల్లో పట్టుకుని నడుస్తున్న రోహిత్ వేముల ఫొటో అప్పటిది. ఆరుబయట వేసుకున్న తమ గుడారానికి వారు వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. ఆ రోజున చూసినవారికి అది నిరసన చిత్రం, క్యాంపస్ వార్త. జనవరి 17న రోహిత్ మరణించాక ఆ ఫొటోలో ఒక్క గీత కూడా మారలేదు. కానీ దానిని మునుపటిలా చూడటం ఎవరికీ సాధ్యం కాలేదు. ఆ యువకుడు ఎటు నడుస్తున్నాడో అతనికి తెలియదు, మనకు తెలుసు. ఫొటోల్లో కాలమే అన్నిటికంటే పదునైన ముల్లు అని బార్త్ అన్నది ఇటువంటి చిత్రాల గురించే.

అక్కడ కూడా చూపులు చీలాయి. కొందరికి అది ఒక విషాదం. ఫొటోలోపలి ఫొటోను గుర్తుపట్టినవారికి అది విషాదంతో ఆగలేదు. గది ఖాళీ చేయవలసి వచ్చిన విద్యార్థి ఇంకేదైనా చేతపట్టుకోవచ్చు. అతడు అంబేడ్కర్‌ను చేతపట్టాడు. ఆయనకు ఇంట్లో ఏ స్థానముందో తెలిసిన లక్షలమంది ఆ చేతులను తమవిగా చూసుకున్నారు. దేశంలోని ఎన్నో విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులు ఆ చిత్రాన్ని పోస్టరుగా ఎత్తిపట్టారు. జాలి నుంచి పుట్టిన కదలిక కాదది, గుర్తింపు నుంచి పుట్టింది.

జాలికీ గుర్తింపుకూ ఉన్న తేడాయే ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది. ఇతరుల బాధను చిత్రాల్లో చూడటం గురించి సుసాన్ సాంటాగ్ 2003లో ఒక పుస్తకం రాసింది. సానుభూతి పడుతున్నంతసేపూ ఆ బాధకు కారణాలలో మనం లేమని అనుకుంటామని, మన సౌఖ్యానికీ వారి బాధకూ ఒకే పటంలో ఉన్న లంకెను చూడటమే అసలు పని అని ఆమె వాదన. ఢిల్లీ బాలుడి కోసం డబ్బు పంపినవారు మంచివారు. కానీ తమ ఇంటి మురుగు ఎక్కడికి వెళుతుందో, దాన్ని తీయడానికి ఎవరు దిగుతారో వారిలో ఎందరు ఆలోచించి ఉంటారు? జాలి బాలుడి దగ్గర ఆగిపోయింది. గుర్తింపు అయితే గుంత దాకా వెళ్లేది.

అలాగని బాధను చూపే ఫొటోలే వద్దనడం నా ఉద్దేశం కాదు. అవి ఎవరి నిర్ణయంతో బయటికి వచ్చాయి, ఎవరి చేతిలో ఉన్నాయి, ఏ పనికి ఉన్నాయి అన్నవి తేల్చుకోవాలి. 1955లో మిసిసిపీలో తెల్లవారు చంపిన 14 ఏళ్ల ఎమ్మెట్ టిల్ శవపేటికను అతని తల్లి మేమీ టిల్ షికాగోలో మూతపెట్టనివ్వలేదు. తన బిడ్డకు ఏం చేశారో లోకం చూడాలని ఆమె పట్టుబట్టింది. నల్లజాతి వారి పత్రిక 'జెట్' ఆ ముఖాన్ని ప్రచురించింది. పౌరహక్కుల ఉద్యమంలోకి వచ్చిన ఒక తరం ఆ ఫొటోను గుర్తుచేసుకుంటూనే వచ్చింది. అక్కడ చూపించాలని నిర్ణయించింది తల్లి.

మన దగ్గరే మరొక గొప్ప ఉదాహరణ ఉంది. కోలార్ బంగారు గనుల ప్రాంతంలో తెలుగు మాట్లాడే పారిశుద్ధ్య కార్మికుల కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆంధ్రప్రదేశ్‌లో పేదల అధికారిగా పేరుపొందిన ఎస్.ఆర్. శంకరన్ తదితరులు నిర్మించిన సఫాయి కర్మచారీ ఆందోళన్ ఛాయాచిత్రాన్ని ఇంకోలా వాడింది. పాకీ పనిని, పొడి మరుగుదొడ్లను నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. మా రాష్ట్రంలో అటువంటివి లేనే లేవని ప్రభుత్వాలు చెబుతూ వచ్చాయి. ఆందోళన్ కార్యకర్తలు ఊరూరా తిరిగి ఆ దొడ్లను, అక్కడ పనిచేస్తున్నవారిని నమోదు చేశారు, ఫొటోలు తీశారు. ఆ ఆధారాలతో 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. కంటతడి పెట్టించడం ఆ ఫొటోల పని కాదు. లేదని చెప్పిన అధికారి ముందు ఉందని నిరూపించడం వాటి పని. 2014 మార్చి 27న తీర్పు చెబుతూ న్యాయస్థానం, 1993 నుంచి మురుగు పనిలో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షల రూపాయలు ఇవ్వాలంది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. అందంగా లేని, ఏ ప్రదర్శనశాలకూ ఎక్కని ఫొటోలు ఆ పోరాటంలో సాక్షులుగా నిలబడ్డాయి.

ఇక్కడ విద్యార్థులు ఒక ప్రశ్న వేస్తారు. అర్థం చూపరిలో ఉంటే, చూపరికి కులం ఉంటే, ఎవరి కులానికి తగ్గ అర్థం వారిదే కదా? అన్ని అర్థాలూ సమానమే కదా? కావు. ఫొటోలో ఉన్నది ముత్యాల దండ అయితే అది బంగారు గొలుసు కాదు. మనిషి గుంతలోకి దిగాడంటే ఎవరో దించారు. ఫొటో కొన్ని వాస్తవాలను పట్టుకుని ఉంటుంది, వాటికి లోబడని అర్థం అర్థం కాదు. పుట్టుక చూపుకు మొదలును మాత్రమే ఇస్తుంది, ముగింపును కాదు. రాజగృహ ఫొటోలో రమాబాయి దగ్గర ఆగే కన్ను ఎవరికైనా అలవడుతుందని పైన అన్నది ఇందుకే. అలవడాలంటే చదవాలి, వినాలి, అడగాలి. కోటు వెనక గోనెపట్టాను చూడటం నేర్చుకునే విద్య.

కనుక ఈ పేజీ చదివే విద్యార్థులకు ఒక సాధన సూచిస్తాను. ఫోన్‌లో ఒక ఫొటో మిమ్మల్ని కదిలించినప్పుడు, ముందుకు పంపే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో ఉన్నవారి పేరు నాకు తెలుసా? ఈ ఫొటో బయటికి రావాలని వారు కోరుకున్నారా? ఫొటో అంచుకు అవతల ఎవరు నిలబడి ఉన్నారు? మూడవది అన్నిటికంటే కష్టం. మురుగు గుంత ఫొటోలో మనిషి తల, నల్లటి నీరు కనిపిస్తాయి. పని అప్పగించిన గుత్తేదారు, సంతకం పెట్టిన ఇంజనీరు, యంత్రం కొనని పురపాలక సంఘం, గొట్టానికి ఆ చివరనున్న మన ఇల్లు కనిపించవు.

పత్రికలకూ ఒక విన్నపం. ఈసారి మ్యాన్‌హోల్ మరణం వార్త వేసినప్పుడు చనిపోయిన మనిషి పేరు, ఊరు, వయసుతోపాటు పని అప్పగించినవారి పేరును, కేసు ఏ సెక్షన్ కింద నమోదైందో దానిని ఫొటో కిందే అచ్చువేయండి. రెండు వాక్యాల స్థలం చాలు. ఏడవడానికి పాఠకుడికి ఎవరి సాయమూ అక్కరలేదు. ఎవరిని నిలదీయాలో తెలుసుకోవడానికే ఆ రెండు వాక్యాలు కావాలి.